జడ ముడి వేసుకుంటేనే బండి ఎక్కాలి

ప్రతి ఏడూ మన సంఘం పిల్లల దినం అంటే ఒకటే పద్ధతి. కబ్బన్ పార్కు బాలభవన్‌కు పోవడం, పుటాణి రైలు ఎక్కించడం, చిత్రాన్నం, కేసరిబాత్ పెట్టి పొద్దు మునిగేలోపల ఇండ్లకు తోలుకు రావడం. ఈసారి పిల్లలే అడ్డం తిరిగినారు. "ఆ రైలు చంటిపిల్లలప్పుడు ఎక్కింది. ఈ ఏడు గో కార్ట్ కావాలి, లేజర్ ఆట కావాలి" అని పట్టుబట్టినారు. కమిటీలో పెద్దవాళ్లం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అవి ఏమిటో మాలో సగం మందికి తెలీదు. ఖర్చు మాత్రం ఎక్కువని అందరికీ తెలుసు. చివరికి, "నువ్వు వంకాయలకు కూడా అరగంట బేరం ఆడే మనిషివి, పోయి కనుక్కొని రాప్పా" అని నన్ను పంపినారు. ఐదో తరగతి చదువుకొని, ముప్పై ఏండ్లు రింగ్ ఫ్రేముల మధ్య తిరిగిన నేను అట్ల అరవై దాటినాక రేసు బండ్ల సంగతి నేర్చుకున్నా. వచ్చే ఏడు ఎవరు పోయినా పనికొస్తుందని కనుక్కున్నదంతా ఇక్కడ రాస్తున్నా.

మన ఊరు ఆటస్థలాల ఊరు అయ్యిందంటే అది మన కండ్ల ముందరే అయ్యింది. మల్లేశ్వరంలో రాజా మిల్లు ఉన్న జాగాలో 2010లో మంత్రి స్క్వేర్ మాల్ తెరిచినారు. 1884లో మొదలైన బెంగళూరు ఉలెన్, కాటన్ అండ్ సిల్క్ మిల్స్, అదే మన బిన్నీ మిల్లు, ఉండిన జాగాలో ఇప్పుడు ఎత్తైన అపార్ట్‌మెంట్లు, మాలు ఉన్నాయి. బిడది దగ్గర వండర్‌లా 2005లో వచ్చింది. ఒకప్పుడు సైరన్ కూస్తే వేల మంది గేట్లోకి పోయిన చోట, ఇప్పుడు ఆదివారం పూట వేల మంది టికెట్టు కొనుక్కొని లోపలికి పోతా ఉన్నారు. దానికి ఏడ్చి లాభం లేదు. మన పిల్లలు కూడా ఆ వరుసలోనే నిలబడి ఉన్నారు.

నేను పోయింది ఊరి బయట ఒక సెంటరుకు. పేరు రాయను. రేకుల షెడ్డు, దాని పక్కన మెలికలు తిరిగిన తారు దోవ, రెండు వైపులా కట్టలు కట్టిన పాత టైర్లు. లోపలికి అడుగు పెట్టగానే నూనె వాసన, వేడెక్కిన రబ్బరు వాసన, చెవులు దిమ్మెక్కే చప్పుడు. నిజం చెప్పాలంటే నాకు మన షెడ్డుకే తిరిగి వచ్చినట్ల అనిపించింది. దూది పొట్టు ఒక్కటే తక్కువ.

అక్కడి మెకానిక్ మంచివాడు. నేను మిల్లు మనిషినని చెప్పగానే బండి తిప్పి చూపించినాడు. ఈ బండిలో దాచిపెట్టింది ఏమీ లేదు. ఇనుప గొట్టాలతో ఒక చట్రం, దాని మీద సీటు, సీటు పక్కన చిన్న పెట్రోలు ఇంజను. ఇంజను నుంచి వెనక ఇరుసుకు చైను. కుడి కాలు కింద యాక్సిలరేటరు, ఎడమ కాలు కింద బ్రేకు. గేర్లు లేవు. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను వేగం పెరిగి క్లచ్చు తనంతట తానే పట్టుకుంటుంది, వదిలితే విడుస్తుంది. కారుకు ఉన్నట్ల స్ప్రింగులు లేవు, అందుకే దోవలో చిన్న గుంత ఉన్నా నడుముకు తెలుస్తుంది. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. కారులో అయితే మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరిగే ఏర్పాటు ఉంటుంది. ఇందులో అది లేదు. అందుకే మలుపులో లోపలి చక్రం కొంచెం లేస్తేనో జారితేనో గాని బండి తిరగదు. కొన్ని చోట్ల ఇప్పుడు బ్యాటరీ బండ్లు కూడా వచ్చినాయంట, వాటికి పొగ ఉండదు.

దీన్ని కనిపెట్టింది కూడా మనలాంటి పనివాడే. అమెరికాలో కాలిఫోర్నియాలో రేసు కార్లు తయారు చేసే కర్టిస్ క్రాఫ్ట్ అనే కంపెనీలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన పని చేస్తా ఉండె. 1956లో ఆయన స్నేహితునితో కలిసి, గడ్డి కోసే యంత్రాల కోసం తయారైన చిన్న ఇంజను ఒకటి తీసుకొని, గొట్టాలు అతికించి మొదటి బండి చేసినాడు. పాసడేనా ఊర్లో రోజ్ బౌల్ అనే పెద్ద మైదానం ఉంది. దాని ముందర బండ్లు నిలిపే ఖాళీ జాగాలో తోలి చూసినారు. చూసినవాళ్లంతా మాకూ కావాలన్నారు. కొన్నేండ్లకే అది ప్రపంచమంతా పాకింది.

మన దేశంలో ఈ రేసుల కథ నూలు మిల్లుల ఊర్లోనే మొదలు పెట్టాల. కోయంబత్తూరులో మన తెలుగు నాయుళ్ల కుటుంబం పెట్టిన లక్ష్మీ మిల్లు సంగతి పాతవాళ్లకు తెలుసు. మిల్లు యంత్రాలు చేసే లక్ష్మీ మెషిన్ వర్క్స్ కూడా వాళ్లదే. ఎల్.ఎం.డబ్ల్యూ. అని రాసిన రింగ్ ఫ్రేము మీద పని చేసినవాళ్లు మనలో ఎంత మంది లేరు! ఆ కుటుంబంలో పుట్టిన కరివర్ధన్‌కు రేసులంటే పిచ్చి. మారుతి కారు ఇంజను పెట్టి, తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి అనే రేసు కారు తయారు చేయించినాడు. డబ్బున్న దొరలకే కాకుండా మామూలు పిల్లలకు కూడా రేసు అందాలనేది ఆయన ఆశ. 1995లో విమానం కూలి చనిపోయినాడు. కోయంబత్తూరు దగ్గర రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టి కరి మోటార్ స్పీడ్‌వే అంటారు. అదే కోయంబత్తూరు నుంచి వచ్చిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ రేసులో తోలిన మొదటి భారతీయుడు అయినాడు. ఫార్ములా వన్‌లో తోలే పెద్ద పెద్ద వాళ్లలో చానా మంది పిల్లప్పుడు ఈ గో కార్ట్ మీదనే చెయ్యి తిప్పుకున్నవాళ్లు.

ఇంక లేజర్ ఆట. పేరు విని నేను భయపడినా, కండ్లకు ఏమన్నా అయితే ఎట్ల అని. పిల్లలకు ఒక చొక్కా లాంటిది తొడుగుతారు, దాని మీద మెరిసే దీపాలు, వెలుతురును పట్టే చిన్న కండ్లు ఉంటాయి. చేతిలో ఉన్న తుపాకీ నుంచి వచ్చేది ఎక్కువగా టీవీ రిమోట్‌లో వచ్చే లాంటి కనబడని వెలుతురే. అది ఎదుటివాని చొక్కా మీద పడితే వానికి దెబ్బ తగిలినట్ల లెక్క. గుండూ లేదు, నొప్పీ లేదు. ఇట్లాంటి ఏర్పాటు అమెరికా సైన్యం తర్ఫీదు కోసం ముందే వాడింది. స్టార్ వార్స్ సినిమా చూసి ఆశ పుట్టి, జార్జ్ కార్టర్ అనే ఆయన 1984లో డాలస్ ఊర్లో ఫోటాన్ అనే పేరుతో దీన్ని ఆటగా పెట్టినాడు. చీకటి గదిలో పిల్లలు పరుగెత్తుతారు కాబట్టి దెబ్బ తగిలితే గోడకు గుద్దుకొని తగలాల, అంతే.

బేరం సంగతికి వస్తా. విడిగా పోతే బండికి ఇన్ని చుట్లకు ఇంత అని టికెట్టు. గుంపుగా పోతే తలకు ఇంత అని ఒక ప్యాకేజీ, అందులో బండి, లేజర్, తిండి అన్నీ కలుపుతారు. శని, ఆదివారాలు ధర ఎక్కువ. మనం దసరా సెలవుల్లో మంగళవారం పొద్దున పెట్టుకుంటే చానా తగ్గింది. చెప్పిన ధరలో జీఎస్టీ ఉందా, విడిగానా అని ముందే అడగాల. 2018 జనవరిలో గో కార్ట్ మీద పన్ను నూటికి 28 నుంచి 18కి తగ్గించినారు. అయినా 18 అంటే చిన్న మాట కాదు. అడ్వాన్సు ఎంత, వాన పడితే ఇంకో దినం ఇస్తారా, మన తిండి మనం తెచ్చుకోవచ్చునా అని కాగితం మీద రాయించుకున్నా. మొత్తం 42 మంది పిల్లలు. ఇవ్వలేని ఇండ్లు నాలుగు ఉండె. ఆ పిల్లల డబ్బు ఎవరికీ చెప్పకుండా కమిటీ నుంచి కట్టినాం.

డబ్బు లెక్క అయిపోయినాక నేను ఇంకో మాట అడిగినా. "ఆడపిల్లల జడలకు ఏం చేస్తారు?" కౌంటరులో ఉన్నాయన నవ్వినాడు. హెల్మెట్ ఇస్తాం కదా, ఏమీ కాదు అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నేను పనిలో చేరిన కొత్తలో వైండింగ్ విభాగంలో ఒక అక్క ఉండె. నల్లగా, నడుము కిందికి జడ. ఒక దినం ఫ్రేము కింద పడిన దారం తీయడానికి వంగింది. తుడిచేటప్పుడు తీసిన మూత మళ్లా బిగించలేదు. జడ కొస షాఫ్టుకు చుట్టుకుంది. ఆమె అరుపు ఆ చప్పుడులో మాకెవరికీ వినబడలేదు. ముకద్దం చూసి మోటారు ఆపేలోపల జుట్టుతో పాటు తల మీద తోలు కూడా పోయింది. ప్రాణం దక్కింది. రిటైరయ్యేదాకా ఆమె తల మీద కొంగు తీయగా మేం చూడలేదు. తిరిగే యంత్రానికి మూత ఉండాలని, దాని దగ్గర పని చేసేవాడు వదులు బట్టలు వేసుకోకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాసి ఉండె. రాసింది రాసినట్లే ఉండె, మూత మాత్రం నేల మీద ఉండె.

గో కార్ట్‌లో తిరిగే ఇరుసు మన వీపు వెనక చెయ్యెడు దూరంలో ఉంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు పక్కన గుర్రంగూడలో చదువుకునే అమ్మాయి ఒకామె జుట్టు ఇట్లనే చక్రంలో చిక్కుకొని చనిపోయింది. అంతకు ముందు 2018లో హర్యానాలో పింజోరులో ఒక గృహిణి ఇట్లనే పోయింది. పేపర్లలో వచ్చిన సంగతే. హెల్మెట్ తలను కాపాడుతుంది గాని, హెల్మెట్ కింద నుంచి వేలాడే జడను కాపాడదు.

ఇదంతా కౌంటరాయనకు చెప్పినా. తలకు బిగువైన గుడ్డ టోపీ, ఇరుసుకు మూత, చున్నీకి అనుమతి లేదనే మాట, ఈ మూడూ ఒప్పుకుంటేనే అడ్వాన్సు ఇస్తానన్నా. ఆయన మేనేజరును పిలిచినాడు. ఆయన నన్ను ట్రాకు దగ్గరకు పిలుచుకుపోయి బండ్లన్నీ చూపించినాడు. పన్నెండు బండ్లలో రెండింటికి మూత లేదు. "ఈ రెండూ ఆ దినం బయటికి రావు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టినాడు. అప్పుడే డబ్బు తీసినా.

ఆ దినం ఇంటి దగ్గరే గొడవ. మా మనవరాలికి మోకాళ్ల దాకా జడ. "తాతా, ఫోటోలో బాగుండదు, వదిలేయ్" అని ఏడుపు. నేను ఒప్పుకోలేదు. వాళ్ల అవ్వ జడను చుట్టగా చుట్టి, పిన్నులు గుచ్చి, పైన గుడ్డ కట్టింది. దోవ పొడుగునా నాతో మాట్లాడలేదు.

ట్రాకు దగ్గర జెండాలు పట్టుకున్న కుర్రవాళ్లను మార్షల్స్ అంటారు. పసుపు జెండా అంటే నిదానం, ఎరుపు అంటే ఆపు, నీలం అంటే వెనకవానికి దోవ ఇవ్వు, గళ్ల జెండా అంటే అయిపోయింది. అందులో ఒక పిల్లోడు మన తెలుగువాడే, వాళ్ల అవ్వ కూడా మిల్లులో పని చేసిందంట. శని, ఆదివారాలు, ఇట్లా గుంపులు వచ్చిన దినాలు ఫోన్ వస్తే రావాల. రాని దినం కూలి లేదు. "బదిలీవాడివన్నమాట" అన్నా. వానికి ఆ మాట అర్థం కాలేదు. పొద్దున్నే గేటు ముందర నిలబడి, ఎవరన్నా పనికి రాకపోతే లోపలికి పిలుస్తారేమో అని చూసేవాళ్లం, నాలుగేండ్లు అట్లనే గడిచినాయని చెప్పినా. "ఇప్పుడు గేటు జేబులోనే ఉంది తాతా" అని ఫోన్ చూపించినాడు. ఈఎస్ఐ కార్డు ఉందా అంటే లేదన్నాడు. మన ఇండ్లలో పిల్లలు ఇట్లాంటి చోట్ల పనికి పోతా ఉన్నారు కాబట్టి రాస్తున్నా: నెలకు 21,000 దాటని జీతానికి ఈఎస్ఐ ఉంటుంది. మనిషి జీతంలో నూటికి ముప్పావు రూపాయి, యజమాని మూడుంపావు కడతారు. అడగడంలో తప్పు లేదు. మనం అడిగినాం కాబట్టే మనకు వచ్చింది.

మా మనవరాలి వంతు వచ్చింది. బండి ఎక్కబోతా ఉంటే ఆ పిల్లోడే ఆపి, గుడ్డ కింద జారిన ఒక పాయను చూపించి, "లోపలికి తోసుకో చెల్లీ" అన్నాడు. మారు మాట లేకుండా తోసుకుంది. తాత చెబితే ఏడుపు, వాడు చెబితే సరే! ఆరు చుట్లు తిరిగి, మొహమంతా నవ్వుతో దిగింది. దిగిన వెంటనే నా దగ్గరికి వచ్చి, "తాతా, వచ్చే ఏడు కూడా ఇక్కడికే" అంది.

ఆ పిల్లోని పేరు, నంబరు తీసుకున్నా. వచ్చే నెల మన సంఘం ఆఫీసుకు రమ్మన్నా, ఈఎస్ఐ కాగితాలు ఎట్ల అడగాలో తెలిసినవాళ్లు అక్కడ ఉన్నారు. వస్తాడో రాడో చూడాల. వచ్చే ఏడు సెంటరుకు పోయేవాళ్లు మాత్రం ధర అడిగే ముందు బండి వెనక వంగి చూడండి. ఇరుసుకు మూత ఉంటేనే పర్సు తీయండి.