దసలి పట్టు పెంపకందారుల దృష్టిలో మద్దిచెట్ల తరుగుదల

గోదావరికి ఇరువైపులా ఉన్న మహదేవపూర్, చెన్నూరు అటవీప్రాంతాలలో దసలి పట్టుపురుగుల పెంపకం ఉంది. మల్బరీ పట్టుపురుగును ఇంట్లో పెంచుతారు. దసలి పురుగు అడవిలో చెట్టుమీదే పెరుగుతుంది. దాని ముఖ్యాహారం నల్లమద్ది, ఏరుమద్ది ఆకులు. బెరడు రంగునుబట్టి ఒకదానికి, ఏటి ఒడ్డున పెరగడాన్నిబట్టి మరొకదానికి పేరు వచ్చింది. ఈ మద్దులు తగ్గుతున్నాయన్న మాటకు అందరి దగ్గరా ఒకే అర్థం లేదు.

పెంపకందారుకు కావలసింది ఎత్తైన మాను కాదు, చేతికందే ఎత్తులో గుబురుగా చిగిర్చే చెట్టు. పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి, ఆకు తింటూ పెరిగి గూడు కడుతుంది. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న రెమ్మలను కోసి పక్కచెట్టుకు చేర్చాలి. చీమలు, కందిరీగలు, పక్షుల బారిన పడకుండా కాపలా కాయాలి. కొమ్మ అందని చెట్టుమీద ఇవేవీ సాధ్యం కావు. అందుకే తల నరికి చిగురు వేయిస్తారు. కలపను కొలిచే కంటికి అది గాయపడ్డ చెట్టు. పెంపకందారుకు అదే పనికొచ్చే చెట్టు. మద్దులు దూరదూరంగా, ఏపుగా ఎదిగిపోతే ఆయనకు అడవి ఉన్నా చెట్టు లేనట్టే. వాటి స్థానంలో నీలగిరి నాటితే పచ్చదనం లెక్క తగ్గదు, పురుగుకు మాత్రం తిండి ఉండదు.

మధ్య ఆఫ్రికాలోని కాంగో పరీవాహక అడవులలో సపేలి చెట్టుపై పెరిగే గొంగళిపురుగులను ప్రజలు ఆహారంగా ఏరుకుంటారు. ఆ చెట్టే ఖరీదైన ఎగుమతి కలప కూడా. అక్కడి వివాదం చెట్టును నరకడానికీ నిలపడానికీ మధ్య. ఇక్కడిది అంతకన్నా సూక్ష్మమైనది: చెట్టు నిలవాలనే ఇద్దరూ అంటారు, ఎలా నిలవాలన్నదే తేడా.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో వెదురు, తేనె, తునికాకులతోపాటు దసలినీ, పట్టుగూళ్లనూ పేర్కొన్నది. గూటిని సేకరించి అమ్ముకునే హక్కు స్పష్టమే. (ఆదివాసీయేతరులు మాత్రం మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, ఆ అడవిమీద ఆధారపడి ఉన్నట్టు నిరూపించుకోవాలి, కాగితాలు లేని కుటుంబాలకు ఇది చిన్న షరతు కాదు.) కొమ్మ కత్తిరింపు గురించి ఆ నిర్వచనంలో ఒక్క మాటా లేదు. గూడు మీద హక్కు ఉండి ఆకు మీద లేకపోవడం విచిత్రమే. అయితే అదే చట్టంలోని 3వ సెక్షన్ సాముదాయక అటవీ వనరులను కాపాడుకుని, పునరుద్ధరించి, నిర్వహించుకునే హక్కును కూడా గుర్తించింది. ఆ హక్కు పొందిన గ్రామసభ తన నిర్వహణ ప్రణాళికలో ఏ మద్దిని ఏ కాలంలో, ఎంత ఎత్తున కత్తిరించాలో, దేనిని మానుగా వదలాలో రాసుకోవడానికి ఆస్కారం ఉంది.