సైట్‌మ్యాప్: వెబ్‌సైట్‌కు విషయసూచిక

రాయ్‌పూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారం పక్కన పెరిగిన కాలనీ. 1931లో పార్వతీపురం-రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు ఈ ఊరు దగ్గరైంది. రైల్వే కొలువులకు వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఇలాంటి కాలనీల్లోని ఖాతాదారుల్లో పింఛనుదారులు చాలామందే ఉంటారు. లైఫ్ సర్టిఫికెట్, నామినేషన్ ఫారం, ఫిర్యాదు చేసే చోటు... వారికి కావలసినవి ఇవే. ఇవన్నీ సాధారణంగా బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటాయి. కానీ వెంటనే కనబడవు.

కనబడకపోతే ఏం చేస్తారు? గూగుల్‌లో 'కస్టమర్ కేర్ నంబర్' అని వెతుకుతారు. మోసగాళ్లు కాచుకుని కూర్చునేది అక్కడే. ఆ నంబరుకు ఫోన్ చేసి ఓటీపీ చెబితే, జీవితకాలపు పొదుపు నిమిషాల్లో పోతుంది. సరైన పేజీకి నేరుగా వెళ్లే దారి తెలిస్తే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఆ దారే సైట్‌మ్యాప్.

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది మనుషులు చదివేది: పేజీల పేర్లన్నీ విభాగాలవారీగా ఉంటాయి, నొక్కితే తెరుచుకుంటాయి. రెండోది సెర్చ్ ఇంజన్ల కోసం తయారుచేసే ఎక్స్ఎంఎల్ ఫైలు. దీన్ని 2005లో గూగుల్ ప్రవేశపెట్టగా, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా అంగీకరించాయి. ఒక్కో ఫైలులో గరిష్ఠంగా 50,000 చిరునామాలు ఉండవచ్చు.

వెతికే క్రమం ఇది:

1. ముందు చిరునామా సరిచూడాలి. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కు మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఈ చిరునామాల నమోదు బాధ్యత హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీది. చిరునామాను స్వయంగా టైపు చేయడం మేలు.

2. హోమ్ పేజీ అట్టడుగుకు వెళ్లి 'సైట్‌మ్యాప్' అనే లింకు చూడాలి. మొబైల్‌లో అయితే మూడు గీతల మెనూలోనూ వెతకాలి.

3. అక్కడ లేకపోతే చిరునామా చివర ఒక స్లాష్ పెట్టి 'సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్ఎంఎల్' అని ఇంగ్లిషు అక్షరాల్లో చేర్చి చూడాలి.

4. అదీ తెరుచుకోకపోతే స్లాష్ తర్వాత 'రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ' అని కొట్టాలి. అందులో 'సైట్‌మ్యాప్' అని మొదలయ్యే వరుస ఉంటే, దాని పక్కనే అసలు చిరునామా ఉంటుంది. ఫైలు పేరు అన్ని సైట్లకూ ఒకటే కానక్కర్లేదు కాబట్టి ఈ మెట్టు పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. సైట్‌మ్యాప్ ఉన్నంత మాత్రాన సైటు అసలైనదని కాదు. నకిలీ సైటుకూ అది ఉండవచ్చు. చిరునామా సరిచూడటాన్ని మొదటి మెట్టుగా పెట్టింది అందుకే. ఎక్స్ఎంఎల్ ఫైలులో పాత పేజీలూ మిగిలి ఉండవచ్చు. చివరిసారి మార్చిన తేదీ ఇచ్చి ఉంటే దాన్ని గమనించాలి.

కౌంటరులో మనం చేయగలిగింది చిన్నదే. పింఛనుదారు ఫోనులో మన బ్యాంకు అసలు చిరునామాను, సైట్‌మ్యాప్ పేజీని బుక్‌మార్క్ చేసి చూపడం. రెండోసారి వారి చేతనే తెరిపించడం. అప్పటికే మోసం జరిగి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించడం. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ మొదలయ్యేలోపే ఈ పని చేసిపెడితే, వారికి ప్రయాస, మనకు వరుసలు రెండూ తగ్గుతాయి.