ప్రజాశాసనమునకు ద్వారపాలకు లెవరు?

2016వ సంవత్సరము నవంబరు ఎన్నికకు ముందు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున వోటరుల యిండ్లకు 224 పుటల పుస్తక మొకటి టపాలో చేరినది. అధ్యక్షుని ఎన్నుకొను దినముననే ప్రజలు స్వయముగా తీర్పు చెప్పవలసిన 17 రాష్ట్రవ్యాప్త ప్రతిపాదనల వివరణ మందు గలదు. మరణశిక్ష యుండవలెనా, పొగాకుపై పన్ను పెంచవలెనా, గంజాయిని చట్టసమ్మతము చేయవలెనా? అన్నిటికిని అవుననియో కాదనియో గుర్తు పెట్టవలసినదే. ఫ్రీమాంటు, సన్నీవేలు పట్టణములలో పౌరసత్వము పొంది స్థిరపడిన మన తెలుగువారికిని ఆ పరీక్ష తప్పలేదు. పనిదినము ముగించుకొని వచ్చిన గృహస్థుడు ఆ గ్రంథమును సాంతముగా చదివి వోటు చేయునని నమ్ముటకు కొంత ఔదార్యము కావలయును.

శాసనసభతో నిమిత్తము లేక ప్రజలే శాసనము చేయుట వినుట కింపైన మాట. కాని వోటరు చూచునది నాటకములో తుది యంకము మాత్రమే. ప్రశ్నను వ్రాసిన దెవరు? అది బ్యాలెట్టు వరకు ఎట్లు నడచి వచ్చినది? మనము విచారింపవలసిన దిదియే.

ఈ పద్ధతికి పుట్టినిల్లు స్విట్జర్లండు. అమెరికాలో దీనిని రాష్ట్రవ్యాప్తముగా మొదట స్వీకరించినది దక్షిణ డకోటా, 1898లో. 1902లో ఓరెగాను రాష్ట్రము చేపట్టి ఆచరణలో దీనికి వన్నె తెచ్చినది. కాలిఫోర్నియాలో సదరన్ పసిఫిక్ రైలు కంపెనీ శాసనసభను గుప్పిట బెట్టుకొని యుండగా, లాసేంజిలీసు వైద్యుడు జాన్ హేన్సు ఏండ్ల తరబడి దీనికై పాటుపడెను. ఆ కంపెనీ పెత్తనమును కూలద్రోయుదునని గెలిచిన గవర్నరు హైరం జాన్సను కాలమున, 1911 అక్టోబరు 10వ తేదీన, ప్రజలు దీనిని ఆమోదించిరి. ఆనాడు వోటు చేసినవారిలో స్త్రీలు లేరు. వారికి వోటుహక్కు నొసగిన సవరణము కూడ ఆ దినముననే నెగ్గినది!

నేడు సుమారు సగము రాష్ట్రములలో ప్రజలు సంతకములు సేకరించి తమ ప్రతిపాదనను వోటునకు పెట్టవచ్చును. తక్కిన రాష్ట్రములలో శాసనసభ పంపిన రాజ్యాంగ సవరణములు ప్రజలయొద్దకు వచ్చును. డెలవేరులో మాత్రము అదియు నక్కరలేదు.

కాలిఫోర్నియాలో ప్రతిపాదకులు ముసాయిదాతో 2,000 డాలర్ల రుసుము చెల్లింపవలెను. దానికి పేరును, నూరు మాటలకు మించని సారాంశమును వ్రాయువాడు ప్రతిపాదకుడు కాడు, రాష్ట్ర అటార్నీ జనరలు. ఆ నూరు మాటలకొరకు జరుగు వివాదములు తరచు న్యాయస్థానముల కెక్కుచుండును. అటుపిమ్మట 180 దినములలో సంతకములు పోగుచేయవలెను. గత గవర్నరు ఎన్నికలో పోలైన వోట్లలో నూటికి 5 వంతులు మామూలు చట్టమునకు, 8 వంతులు రాజ్యాంగ సవరణమునకు కావలయును. 2022 ఎన్నిక లెక్కనుబట్టి అవి క్రమముగా 5,46,651, 8,74,641.

ఆరు నెలలలో తొమ్మిదిలక్షల సంతకములు! ఆదర్శవాదులగు కొందరు సాయంకాలముల యందు ఇల్లిల్లు తిరిగినంత మాత్రమున ఇది నెరవేరునా? అందుచేతనే ఇది వృత్తియైనది. అంగళ్ల వాకిళ్ల యెదుట బల్ల వేసికొని, సంతకమున కింత యని కూలి పుచ్చుకొనువా రున్నారు. కొలరాడో రాష్ట్రము ఈ కూలిని నిషేధింపగా, ఆ నిషేధము వాక్స్వాతంత్ర్యమునకు భంగకరమని 1988లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసినది. కూలివానిని నిందింపము, వాడు పొట్టకూటికై నిలిచినాడు. కాని ధనము గలవానికి సంతకములు కొరత గావు, లేనివానికి న్యాయమైన ప్రశ్నయు వాకిటనే నిలిచిపోవును.

2018 జూను 28వ తేదీ ఈ విషయమున మరువరానిది. ప్రతిపాదనలను ఉపసంహరించుకొనుట కదియే గడువు. స్థానిక పన్నులన్నిటికిని మూడింట రెండు వంతుల వోటు కావలెనను ప్రతిపాదనకు తీపి పానీయముల కంపెనీలు అప్పటికే సంతకములు చేకూర్చి యుండెను. నగరములు గడగడలాడినవి. కంపెనీలు కోరినది వేరు. తమ పానీయములపై 2031 వరకు క్రొత్తగా స్థానిక పన్ను వేయరాదని శాసనసభ చట్టము చేసినది, ప్రతిపాదన మాయమైనది. వోటరు దాని ముఖమైనను చూడలేదు. ఆ దినముననే అలస్టేరు మక్టాగర్టను భూవ్యాపారి, కంపెనీలు జనుల స్వంత వివరములను అమ్ముకొనుటపై తాను తెచ్చిన ప్రతిపాదనను, శాసనసభ అట్టి చట్టమునే చేసినందున విరమించుకొనెను. ఒకే ద్వారమున ఒకే దినమున ప్రజాహితమును, స్వార్థమును గూడ దూరివచ్చినవి. బెదరింపు చేతిలో నున్నవానికి వోటుతో పనిలేదని మాత్రము తేలినది.

రెండేండ్లకు అద్దెకార్ల కంపెనీలును, ఆహారపదార్థముల నింటి కందించు కంపెనీలును 20 కోట్ల డాలర్లకు మించి వ్యయము చేసి, తమ డ్రైవర్లు ఉద్యోగులు కారని 22వ ప్రతిపాదనను నెగ్గించుకొనెను. దానిని సవరింపదలచిన శాసనసభలో ఎనిమిదింట ఏడు వంతుల బలము కావలెనని అందుననే వ్రాసికొనిరి! రైలు కంపెనీకి వెరచి తెరచిన ద్వారమున ఇతర కంపెనీలు రథములపై వచ్చినవి.

అయినను ద్వారము మూసిన ప్రజలకేమి మిగులునో తెలియవలెనన్న మిసిసిపీని చూడుడు. ఏ ఒక్క కాంగ్రెసు నియోజకవర్గమునుండియు మొత్తము సంతకములలో ఐదవవంతు మించి లెక్కింపరాదని అచ్చటి రాజ్యాంగము నిర్దేశించినది. ఆ నిబంధన వ్రాసిననాడు నియోజకవర్గములు ఐదు. 2000 జనాభా లెక్కల పిమ్మట అవి నాలుగైనవి. నాలుగు ఐదవవంతులు ఒకటి కావుగదా! ఇరువది యేండ్ల వరకు ఆ నిబంధన దిద్దబడలేదు. 2020 నవంబరులో ప్రజలు వైద్యమునకు గంజాయి వాడుకను అత్యధిక సంఖ్యతో ఆమోదించిన తరువాత, 2021 మే నెలలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ లెక్కను చూపి ఆ తీర్పును రద్దుచేసినది. దానితో ప్రతిపాదనాధికారమే నిలిచిపోయినది. గంజాయి చట్టమును శాసనసభ మరుసటి యేట తానే చేసినది. ప్రజల యధికారమును పునరుద్ధరించు తీర్మానములు మాత్రము 2022లోను, 2023లోను, 2024లోను ఆ సభలోనే అంతరించినవి.