దూరపు యంత్రమున విడువబడిన ఆసనములు

మన బిడ్డలు పలువురు ఇంటిలో కూర్చుండియే ఎక్కడనో యున్న కంప్యూటరుపై కొలువు చేయుచున్నారు. అట్లు అనేకులకు పనిచేసిపెట్టు యంత్రమును సర్వరందురు. అందు ప్రవేశించి యుండుటకు సెషన్ అని పేరు. ఈ మాటకు మూలమగు లాటిను ధాతువునకు కూర్చుండుట యని యర్థము; మన సదస్సు, ఉపనిషత్తు అను పదములందలి 'సద్' ధాతువు దానికి జ్ఞాతి. కావున దీనిని ఆసన మనిన దోషము లేదు.

2003వ సంవత్సరమున వెలువడిన విండోస్ సర్వరులో, వేఱుగా హక్కు కొననిచో, నిర్వాహకులకు దూరమునుండి రెండే ఆసనములు. పని ముగిసినంతనే తెరమీది కిటికీ మూసి, లేచి వచ్చితిమని పలువురు తలచెడివారు. అది పొరపాటు. సత్రపు గదిలో మూట యుంచి, తాళము వైచి, పొరుగూరికి పోయినట్టి దది. మనిషి లేడు, గది ఖాళీ కాలేదు. ఇట్టివా రిద్దఱైనచో మూడవవాడు వాకిట నిలువవలసినదే.

ఆ కాలమున మా కుమారుడు ఒకనాటి రాత్రి అట్లే వాకిట నిలిచెను. తెల్లవాఱులోగా సరిచేయవలసిన పని; రెండాసనములును నిండియున్నవి. అతడు వేఱొక యంత్రమున నల్లని ఆజ్ఞాఫలకము తెఱచి, "క్వెరీ సెషన్" అని వ్రాసి, ఏటవాలు గీతతో సర్వర్ అను మాటయు, దానిప్రక్క రెండు చుక్కలును, ఆపై యంత్రము పేరును చేర్చెను. తెరపై పట్టిక వచ్చెను: ఎవరు, ఆసనపు సంఖ్య యేది, స్థితి యెట్టిది. ఇద్దఱి కెదుటను "డిస్క్" అని యుండెను; డిస్కనెక్టెడ్ అనుటకు అది కుఱచ రూపము.

"ఇద్దఱును లేరు గదా, ఎవరినైన లేపుము" అంటిని. తెలియక యన్నమాట యది! మనిషి పోయినను అతడు మొదలిడిన పని లోపల నడచుచునే యుండవచ్చును. "లాగాఫ్" అని వ్రాసి ఆసనపు సంఖ్య చేర్చినచో మూట వీధిలో పడును. భద్రపఱుపని వ్రాత యంతయు నశించును. "టీఎస్‌డిస్కాన్" అను ఆజ్ఞ వేఱు. అది మనిషిని బయటికి పంపునేగాని మూటను ముట్టదు. కావుననే ఆనాడు దానివలన గది ఖాళీ కాదు.

అతడు "క్వెరీ యూజర్" అని యడిగి, ఎవ రెప్పుడు వచ్చిరో, ఎంతసేపటినుండి కదలిక లేదో చూచెను. ఒకరు నాలుగుదినములుగా తిరిగి చూడలేదు. రెండవవారు ఆ సాయంకాలమే వచ్చినవారు. "క్వెరీ ప్రాసెస్" అని యడుగగా వారి యాసనమున లెక్కలకూర్పు ఇంకను సాగుచుండెను. మొదటివారి యాసనమున అట్టి పని యేదియు లేదు. ఆ సంఖ్యను రెండుమాఱులు సరిచూచుకొని, మొదటివారినే లేపెను. క్షణములో చోటు కలిగినది.

ఆ సర్వరుకు తయారీదారుల పోషణ 2015లో ముగిసినది. ఈ ఆజ్ఞలు మాత్రము తరువాతి విండోస్ సర్వరులలోను చెల్లుచున్నవి. విడిచిపోయిన ఆసనములు ఇంత గడువునకు తమంతట తొలగునట్లు నియమించు వీలును కలదు. ఆ గడువు రాత్రంతయు సాగు లెక్కలకంటె కుఱచ గాకుండ చూచుకొనవలెను.