రెప్పపాటులో పట్టాల్సిన మెరుపు

సూర్యుడు తన జీవితకాలమంతా వెదజల్లే శక్తిని కొన్ని సెకన్లలోనే కుమ్మరించేస్తుంది గామా కిరణాల విస్ఫోటం. ఎక్కడ, ఎప్పుడు పేలుతుందో ముందుగా తెలియదు. పైగా ఈ కిరణాలను మన వాతావరణం అడ్డుకుంటుంది. అందుకే వీటి కాపలా అంతా అంతరిక్షంలోనే!

● వీటిని కనిపెట్టింది ఖగోళ పరిశోధన కోసం పంపిన టెలిస్కోపు కాదు. ఎవరైనా గుట్టుగా అణుబాంబులు పేలుస్తారేమోనని అమెరికా కాపలా పెట్టిన వేలా ఉపగ్రహాలకు 1967 జులై 2న తొలి మెరుపు తగిలింది. తర్వాత దొరికిన మెరుపులు ఒక్కో ఉపగ్రహాన్ని ఏ క్షణంలో చేరాయో పోల్చి చూసి, అవి భూమి నుంచో సూర్యుడి నుంచో వచ్చినవి కావని తేల్చారు. సంగతి లోకానికి తెలిసింది 1973లో.

● గామా కిరణాలు మామూలు అద్దాలకు లొంగవు. మరి ఫొటో ఎలా? 2004లో ఎగిరిన స్విఫ్ట్ టెలిస్కోపు నీడను నమ్ముకుంది. సుమారు 52 వేల సీసపు బిళ్లలను చిందరవందరగా అమర్చిన జల్లెడ ఒకటి పైన, 32,768 డిటెక్టర్లు కింద. తాటాకు పందిరి కింద పడే ఎండ చుక్కలు పొద్దుతోపాటు జరిగినట్టే, మెరుపు వచ్చే దిక్కునుబట్టి ఈ నీడా జరుగుతుంది. దాన్ని లెక్కగట్టి స్విఫ్ట్ తనంతట తానే అటు తిరిగేలా రూపొందించారు. సుమారు ఒకటిన్నర నిమిషంలోపే దాని ఎక్స్‌రే టెలిస్కోపు గురి కుదురుతుంది. ఆలస్యమైతే వెనక మిగిలిన వెలుగు చల్లారిపోతుంది మరి!

● 2008లో వెళ్లిన ఫెర్మీ టెలిస్కోపుది ఇంకో ఉపాయం. దాని చుట్టూ తలో దిక్కుకూ 12 సోడియం అయోడైడ్ స్ఫటికాలు. గామా కిరణం తగిలితే స్ఫటికం తళుక్కుమంటుంది. ఏ బుగ్గ చురుక్కుమందో చూసి, కళ్లు మూసుకునే సూర్యుడెటున్నాడో చెప్పినట్టు, ఏ స్ఫటికం ఎన్నిసార్లు మెరిసిందో లెక్కించి దిక్కు చెబుతారు.

● మెరుపు వయసు కొలవడానికీ ఓ పద్ధతుంది. అందిన మొత్తంలో 5 శాతం దాటిన క్షణం నుంచి 95 శాతం పూర్తయ్యేదాకా లెక్క. సాధారణంగా 2 సెకన్లు మించితే మహా నక్షత్రం కూలిందనీ, లోపైతే న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయనీ అంచనా. 2017 ఆగస్టు 17న అలాంటి ఢీలో పుట్టిన గురుత్వ తరంగాలు అందిన 1.7 సెకన్లకే ఫెర్మీకి మెరుపు చిక్కడంతో రెండో మాటకు రుజువు దొరికింది.

● 2022 అక్టోబరు 9 నాటిది ఇప్పటిదాకా నమోదైనవాటిలోకెల్లా కాంతిమంతమైనది. సుమారు 200 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చి కూడా ఫెర్మీ పరికరాలు లెక్క పెట్టలేనంతగా ముంచెత్తింది. మన దేశంలో పిడుగులను పసిగట్టే పరికరాలకూ దాని జాడ అందింది!

● 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని గామా డిటెక్టరు, ఆన్ చేసిన తొలిరోజే, అంటే అక్టోబరు 6న, ఓ విస్ఫోటాన్ని పట్టేసింది. ఆ తర్వాత లెక్క 600 దాటింది.

● వీటికి పుట్టినరోజే పేరు. జీఆర్‌బీ 221009ఏ అంటే 2022, పదో నెల, తొమ్మిదో తేదీన కనిపించిన మొదటిది. మీరు 1991 తర్వాత పుట్టినవారైతే మీ పుట్టిన తేదీనీ ఇలాగే రాసి వెతికి చూడండి. మీతోపాటే ఓ మెరుపు కూడా నమోదై ఉండొచ్చు!