గేముల కంప్యూటర్‌కు ఏ హార్డ్ డిస్క్?

"అన్నా, ఇంట్లో గేములకు కంప్యూటర్ కొంటున్నాం, హార్డ్ డిస్క్ ఏది వేయించాలి?" హాస్టల్ తమ్ముళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి నాన్న తీసిచ్చే సొమ్ము కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే ఐబీఎం కంపెనీ మొదటి హార్డ్ డిస్క్‌ను తెచ్చింది. అందులో 50 పళ్ళేలు. పట్టేది 50 లక్షల అక్షరాలు. పరిమాణం తగ్గినా నేటి హార్డ్ డిస్క్ పనిచేసే తీరు అదే. పళ్ళెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటే, ఒక చెయ్యి అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. గేమ్ తెరిస్తే వేల చిన్న చిన్న ఫైళ్ళు కావాలి. ఆ చెయ్యి తిరిగే సమయమే మనం తెర ముందు కూర్చుని ఎదురుచూసే సమయం.

ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. సాటా రకం సెకనుకు సుమారు 550 ఎంబీ చదువుతుంది. ఎన్‌వీఎంఈ రకం 3500 ఎంబీ, అంతకు పైనా ఇస్తుంది. అయితే హార్డ్ డిస్క్ నుంచి సాటాకు మారితే తెలిసినంత తేడా, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే చాలా గేముల్లో తెలియదు. ఏది వేసినా గేమ్ త్వరగా తెరుచుకుంటుందేగాని బొమ్మ నాణ్యత పెరగదు. అది గ్రాఫిక్స్ కార్డు పని. డబ్బు మిగిలితే అటు పెట్టండి.

పెద్ద గేమ్ ఒక్కటే 100 జీబీ తినేస్తోంది. విండోస్‌కూ, ఆడుతున్న రెండు మూడు గేములకూ 500 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. సినిమాలకు పాత హార్డ్ డిస్క్ ఉంచుకోండి. 1 టీబీ కొంటే 931 జీబీయే కనిపిస్తుంది. షాపువాడు మోసం చేయలేదు, కంపెనీ వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది.

మన ఊళ్ళ సంగతి వేరే చెప్పాలి. చటుక్కున కరెంటు పోతే రాస్తున్న ఫైలు రెండింటిలోనూ పాడవుతుంది, యూపీఎస్ తప్పనిసరి. కల్లాల్లో మిర్చి ఆరబోసే రోజుల్లో ఫ్యాన్ల దుమ్ము దులపండి. మామూలు హార్డ్ డిస్కులకు కంపెనీలు పెట్టిన హద్దు 60 డిగ్రీలు, మే నెలలో మూసిన క్యాబినెట్ లోపల వేడి సంగతి తెలిసిందే.

ఆ కంప్యూటర్‌లోనే చెల్లి మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రం స్కాన్లూ ఉంటాయి. హార్డ్ డిస్క్ చాలాసార్లు టకటకమని శబ్దం చేసి పోతుంది. ఎస్ఎస్‌డీ చెప్పకుండానే పోవచ్చు. వాటికి వేరే చోట ఇంకో కాపీ ఉండాలి.

సెకండ్ హ్యాండ్‌ది కొంటే షాపులోనే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూడండి. ఎన్ని గంటలు తిరిగిందో చెబుతుంది. పసుపు రంగు హెచ్చరిక కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి.