గంధకంతో కెమెరా కటకం ఎలా చేస్తారు?

ప్రశ్న: గంధకంలోంచి వెలుతురే పోదు కదా, దానితో కటకాలు చేస్తున్నారంటే నమ్మొచ్చా?

నమ్మొచ్చు. కాకపోతే ఏ వెలుతురు అన్నది చూడాలి. మన ఒంటి వేడి కంటికి కనబడని పరారుణ కిరణాలుగా వెలువడుతూ ఉంటుంది. థర్మల్ కెమెరా పట్టేది వాటినే. మామూలు గాజు ఆ కిరణాలను మింగేస్తుంది కాబట్టి కటకాలకు జర్మేనియం వాడతారు. అదేమో ఖరీదు, పైగా సానబట్టాలి. ప్లాస్టిక్ అయితే అచ్చులో పోస్తే సరి. కానీ ప్లాస్టిక్‌లో నిండా ఉండే కార్బన్-హైడ్రోజన్ బంధాలు తమ కంపనాలకు సరిపడే పరారుణ కిరణాలను పీల్చుకుంటాయి. బరువైన గంధక పరమాణువుల మధ్య బంధం నిదానంగా కంపిస్తుంది. అందుకే కెమెరాకు కావలసిన కిరణాల జోలికి అది పోదు.

గంధకానికి ఇంకో సుగుణం ఉంది. దాని ఎలక్ట్రాన్ల మీద పట్టు కాస్త వదులు. కాంతి తగిలితే అవి సులువుగా ఊగుతాయి, ఆ మేరకు కాంతి నెమ్మదించి బాగా వంగుతుంది. యాక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49 అయితే గంధకపు పాలిమర్లది 1.75 నుంచి 1.86 దాకా ఉంటుంది. సోడాబుడ్డి కళ్లద్దాలను పల్చబరిచిన 1.67, 1.74 రకాల ప్లాస్టిక్‌లలోనూ గంధకం ఉంది.

మరి ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదు? గంధకం ఎనిమిది పరమాణువుల వలయం. 159 డిగ్రీలు దాటితే వలయాలు తెగి పొడవాటి గొలుసులవుతాయి. చల్లారాక ఆ గొలుసులు నిలవవు, మెల్లగా విడిపోయి మళ్లీ వలయాలే! 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ప్యున్ బృందం 185 డిగ్రీల దగ్గర కరిగిన గంధకంలో డైఐసోప్రొపెనైల్‌బెంజీన్ కలిపింది. దీని అణువులో రెండు ద్విబంధాలుంటాయి. తెగిన గొలుసుల కొసలను అవి పట్టేసుకుంటాయి, ఇక వలయాలుగా ముడుచుకునే వీలుండదు. వేరే ద్రావణి అక్కర్లేదు, కరిగిన గంధకమే ద్రావణి. చల్లారితే ఎర్రటి గాజులాంటి ముద్ద. రబ్బరులో కొద్దిగా గంధకం కలపడం వల్కనైజేషన్. ఇక్కడ గంధకమే ఎక్కువ, కలిపేది తక్కువ. అందుకే దీనికి విలోమ వల్కనైజేషన్ అని పేరు. ముడిసరుకుకు కొరత లేదు, చమురు శుద్ధి కర్మాగారాలు టన్నులకొద్దీ గంధకాన్ని వేరుచేస్తున్నాయి. నాకు ముచ్చటేసే విషయం ఇంకొకటి: కటకం మీద గీత పడితే వేడిచేస్తే చాలు, గంధక బంధాలు తెగి మళ్లీ అతుక్కుని గీత మాసిపోతుంది.

చిక్కులూ ఉన్నాయి. ఈ పాలిమర్ 3-5 మైక్రాన్ల కిరణాలకు బాగా దారిస్తుంది కానీ, ఒంటి వేడి ఎక్కువగా వెలువడే 7-14 మైక్రాన్ల దగ్గర కలిపిన బెంజీన్ భాగమే అడ్డుపడుతుంది. పోనీ దాన్ని తగ్గిద్దామంటే పాలిమర్ కొద్దిపాటి వేడికే మెత్తబడుతుంది. ఆ కిరణాలను తక్కువగా మింగే వేరే అణువులను కలిపి చూడటం మీదే ఇప్పుడు పరిశోధకుల దృష్టి ఉంది.